ప్రొక్లెయిన్ తగిలి తమ్ముడి కాలు పోయింది. రెండు లక్షలిచ్చి స్టాంప్ పేపర్ మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక అంతేనా?

తమ్ముడికోసం
మా తమ్ముడికి 30 ఏళ్లు. బిల్డింగ్ సైట్‌లో ప్రొక్లెయిన్ దగ్గర హెల్పర్. 2025 మార్చిలో పునాది తవ్వుతుంటే వాడు బండి వెనకాల, గోడకీ బండికీ మధ్య ఉన్నాడు. ఆపరేటర్ మట్టి పక్కకి పోయడానికి బండి తిప్పాడు. వెనక ఉండే కౌంటర్‌వెయిట్ వాణ్ణి గోడకేసి నొక్కేసింది. మూడు ఆపరేషన్ల తర్వాత ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

హాస్పిటల్ బిల్లు మేస్త్రీ కట్టాడు, కాదనను. డిశ్చార్జ్ రోజు రెండు లక్షలు చేతిలో పెట్టి స్టాంప్ పేపర్ మీద సంతకం తీసుకున్నాడు. "ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయను" అని రాసుందట. మందుల మత్తులో ఉన్న వాడికి అది చదివి వినిపించిన వాళ్లు కూడా లేరు. ఇప్పుడు ఫోన్ చేస్తే "వద్దన్న చోట నిలబడ్డాడు, తప్పు వాడిదే, అయినా మానవత్వంతో ఇచ్చాం" అంటున్నాడు. నెలకి 18 వేలు తెచ్చేవాడు. ఇద్దరు చిన్న పిల్లలు. నిజంగా దారులన్నీ మూసుకుపోయినట్టేనా?

నట్టూబోల్టూ
చదువుతుంటేనే గుండె బరువెక్కింది. ముందు ఒకటి చెప్పండి, జీతంలో ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) కటింగ్ ఉండేదా? దాన్ని బట్టే దారి మారుతుంది.

తమ్ముడికోసం
కటింగ్ కాదు కదా, జీతం స్లిప్పే లేదు. మేస్త్రీ ఫోన్‌కి డబ్బులు కొట్టేవాడు. ఆ సైట్ ఈఎస్ఐ కిందకి రాదని కూడా అక్కడి ఇంజనీర్ చెప్పాడు.

సత్తిపండు
నా మాట చేదుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. కేసు అంటే ఏళ్లు పడుతుంది. మేస్త్రీతో గొడవ పెట్టుకున్నారని తెలిస్తే మీ ఇంట్లో మిగతా మగవాళ్లని కూడా ఎవరూ పనికి పిలవరు. ఇంకో లక్షో రెండో అడిగి తీసుకుని, ఏదైనా సూపర్‌వైజర్ పనో వాచ్‌మన్ పనో ఇప్పించమనడం మేలు.

లేబర్‌కేసులు_పదేళ్లు
సత్తిపండు గారి భయం నాకు అర్థమైంది, కానీ ఆ సలహా పాటించకండి.

మొదట స్టాంప్ పేపర్ సంగతి. 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం (పాత పేరు వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్) సెక్షన్ 17 చూడండి. గాయపడిన కార్మికుడు తన పరిహారం హక్కును వదులుకుంటూ ఏ ఒప్పందం రాసినా ఆ మేరకు అది చెల్లదు. స్టాంప్ పేపర్ మీద రాసినా, నోటరీ చేయించినా అంతే. పరిహారం మీద రాజీ కుదిరితే దాన్ని కమిషనర్ (ఈ పరిహారం కేసులు తేల్చే అధికారి) దగ్గర రిజిస్టర్ చేయించాలి, ఆయన మొత్తం సరిపోతుందా లేదా చూస్తారు. రిజిస్టర్ చేయించకపోతే పూర్తి పరిహారానికి యజమాని బాధ్యుడే. పైగా కమిషనర్ ప్రత్యేకంగా చెబితే తప్ప, పరిహారం కింద ముందు ఇచ్చిన దాంట్లో సగానికి మించి తగ్గించుకోవడానికి కూడా లేదు.

2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు వచ్చి ఈ చట్టం సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసింది. మీ తమ్ముడి ప్రమాదం మార్చిలో జరిగింది కాబట్టి పాత చట్టం లెక్కే అడగండి. ఆ చట్టంలో గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. ఆలస్యానికి కారణం చూపిస్తే కమిషనర్ మన్నించవచ్చు, కానీ అందాకా తెచ్చుకోవద్దు.

తమ్ముడికోసం
ఇది చదివి మా అమ్మకి వినిపించాను. ఆ కాగితం గురించే రోజూ ఏడుస్తోంది. మరి "తప్పు వాడిదే" అన్న మాట సంగతి?

లేబర్‌కేసులు_పదేళ్లు
ఈ చట్టంలో యజమాని తప్పుందా లేదా అన్నది మీరు రుజువు చేయక్కర్లేదు. పని వల్ల, పని చేస్తుండగా ప్రమాదం జరిగిందని చూపిస్తే చాలు. యజమాని తప్పించుకోవాలంటే మనిషి తాగి ఉండాలి, లేదా భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించి ఉండాలి, లేదా భద్రత కోసం యంత్రానికి పెట్టిన గార్డుని (అడ్డు కవచాన్ని) అది అందుకేనని తెలిసీ తీసేసి ఉండాలి. అజాగ్రత్తగా నిలబడ్డాడు అంటే సరిపోదు. "వద్దన్నాం" అంటే ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ రాశారు అని అడుగుతారు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆ సాకులు కూడా పనికిరావు.

ప్రొక్లెయిన్_ఆపరేటర్
19 ఏళ్లుగా ఇదే సీట్లో కూర్చుంటున్నాను. ఒక మాట చెప్పనివ్వండి. పై భాగం గుండ్రంగా తిరుగుతుంది, తిరిగేటప్పుడు తోక, అంటే ఆ కౌంటర్‌వెయిట్ ఉన్న వెనక భాగం, చైన్ దాటి బయటికి వస్తుంది. ఆ వెనక, కుడి పక్క మాకు కనపడవు. అద్దం ఉన్నా దుమ్ము కొట్టుకుని ఉంటుంది. అందుకే తోక తిరిగే మేర చుట్టూ తాడో బారికేడో కట్టాలి. గోడ పక్కన పని అయితే మనిషి ఇరుక్కునేంత సందు మిగలకుండా ఆ వైపు పూర్తిగా మూసెయ్యాలి. హెల్పర్ దగ్గరికి రావాలంటే ముందు నుంచి వచ్చి నా కళ్లల్లోకి చూడాలి. నేను బకెట్ నేల మీద పెట్టి, సేఫ్టీ లివర్ లేపి, చెయ్యి ఊపాకే అడుగు వెయ్యాలి.

ఇవి ఎంతమందికి చెప్పి పనిలో పెట్టారు? మీ తమ్ముడికి ఒక్క రోజైనా ఎవరైనా నేర్పారా? సిగ్నల్ ఇవ్వడానికి వేరే మనిషి ఉన్నాడా? నాకు తెలిసి చాలా సైట్లలో ఒకే మనిషి హెల్పరూ, గ్రీజు కొట్టేవాడూ, సిగ్నల్ ఇచ్చేవాడూ.

కోపంగా_ఉన్నా
అన్నీ తెలిసిన మీరే చూడకుండా తిప్పితే ఎలా? ఆపరేటర్‌ని వదిలేసి అంతా మేస్త్రీ మీద తోయడం నాకు నచ్చలేదు. మా బావ లోడర్ చక్రం కింద పడి పోయాడు. ఆ రోజు ఆపరేటర్ ఫోన్ మాట్లాడుతున్నాడు.

ప్రొక్లెయిన్_ఆపరేటర్
మీ బావగారి విషయంలో మీ కోపం న్యాయమే. ఫోన్ మాట్లాడుతూ బండి నడిపేవాణ్ణి నేను సమర్థించను. నేను చెప్పేది వేరు. 12 గంటల షిఫ్ట్, రాత్రి లైటు లేదు, "గంటలో గొయ్యి అవ్వాలి" అని పైనుంచి కేకలు. ప్రమాదం జరిగాక పోలీసుల ముందు నిలబడేది ఆపరేటర్ ఒక్కడే. బారికేడ్ డబ్బులు మిగుల్చుకున్న మనిషి పేరు ఎక్కడా ఉండదు. 2011లో నా బండి తోక ఒక కుర్రాడి భుజానికి తగిలింది. వాడు బతికాడు. ఇప్పటికీ తిప్పే ముందు మూడుసార్లు హారన్ కొడతాను.

కోపంగా_ఉన్నా
సరే అన్నా. ఆ మూడు హారన్లు మా బావకి ఎవరూ కొట్టలేదు, అదే బాధ.

ఎడమచెయ్యి
సత్తిపండు గారూ, మీకో మాట. నా కుడి చేతి నాలుగు వేళ్లు పవర్ ప్రెస్‌లో పోయాయి. గార్డు విప్పేసింది నేను కాదు, ఉత్పత్తి ఎక్కువ రావాలని షిఫ్ట్ ఇన్‌చార్జ్ విప్పించాడు. అప్పుడు నాకూ మీలాగే చెప్పారు, గొడవ వద్దు, సెక్యూరిటీ పని ఇస్తాం అని. ఇచ్చారు, ఏడు నెలల తర్వాత తీసేశారు. నోటి మాట ఉద్యోగానికి కాగితం ఉండదు కదా.

నాకు ఈఎస్ఐ ఉంది కాబట్టి బతికాను. పనిలో దెబ్బకి కనీసం ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. కోలుకునేదాకా జీతంలో 90 శాతం చొప్పున ఇచ్చారు. తర్వాత మెడికల్ బోర్డు శాతం తేల్చింది, ఆ లెక్కన ఇప్పటికీ నెలనెలా వస్తోంది. మొత్తం చూస్తే చిన్నదే, కానీ నా కూతురు ఫీజు దాంతోనే కడుతున్నాను. ఈఎస్ఐ ఉన్నవాళ్లు 1923 చట్టం కింద మళ్లీ అడగలేరు, రెండిట్లో ఒకటే.

సత్తిపండు
ఎడమచెయ్యి గారూ, మీరు చెప్పింది మనసుకి తగిలింది. మా నాన్నకి కన్వేయర్ బెల్ట్‌లో చెయ్యి నలిగినప్పుడు మేం డబ్బు తీసుకుని ఊరుకున్నాం. పద్నాలుగు నెలల్లో ఆ డబ్బు అయిపోయింది. బహుశా అందుకే కేసు అనే మాట వింటేనే నాకు టెన్షన్. ఆ రోజు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు.

నట్టూబోల్టూ
లెక్క ఎంత వస్తుందో ఎవరైనా వేసి చూపించండి. రెండు లక్షలు ఎక్కువో తక్కువో అప్పుడే తెలుస్తుంది.

లేబర్‌కేసులు_పదేళ్లు
వేద్దాం. జీతం 18 వేలైనా 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునేది గరిష్ఠంగా 15,000. పూర్తి శాశ్వత వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చవేయాలి. 30 ఏళ్లకి ఆ గుణకం 207.98. మొత్తం 18,71,820 రూపాయలు.

మోకాలి కింద కాలు తీసేస్తే చట్టం షెడ్యూల్‌లో (ఏ గాయానికి ఎంత శాతమో చెప్పే పట్టికలో) మామూలుగా 50 శాతం ఉంటుంది. అంటే 9,35,910. హాస్పిటల్ ఖర్చు దీనికి వేరు, 2009 సవరణ తర్వాత చికిత్సకి అయిన అసలు ఖర్చు యజమానే భరించాలి. కాబట్టి "బిల్లు కట్టాం కదా" అన్నది పరిహారంలో తగ్గించుకునే మాట కాదు.

ప్రమాదం జరిగిన రోజే పరిహారం బాకీ పడుతుంది. నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే బాకీలో 50 శాతం దాకా పెనాల్టీ.

తమ్ముడికోసం
తొమ్మిది లక్షల ముప్పై అయిదు వేలు... నాలుగుసార్లు చదివాను. మాకు రెండు లక్షలే గొప్పన్నట్టు మాట్లాడారు.

చదువరి
50 శాతంతో ఆగిపోకండి. 1975 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో తీర్పిచ్చింది. ఆయన ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేశారు. షెడ్యూల్ ప్రకారం అది 100 శాతం కంటే తక్కువే. కానీ ఒక్క చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి ఆయన పని విషయంలో అది పూర్తి వైకల్యమే అని కోర్టు ఒప్పుకుంది. ప్రమాదం రోజు నుంచే బాకీ అన్నదీ ఆ తీర్పులోదే. మీ తమ్ముడు కృత్రిమ కాలుతో గోతుల్లో, మట్టి గుట్టల మీద హెల్పర్ పని చేయగలడా? ఆ ప్రశ్న కమిషనర్ ముందు పెట్టాలి.

లేబర్‌కేసులు_పదేళ్లు
చదువరి గారు చెప్పింది నిజమే, నేనే ముందు రాయాల్సింది. కాకపోతే 100 శాతం దానంతట అది రాదు. డాక్టర్ చేత చెప్పించాలి, వేరే పని చేసుకోవచ్చు అని అవతలి వాళ్లు వాదిస్తారు. అడగడం మాత్రం పూర్తి మొత్తం అడగండి.

ఫిజియో_అక్క
డాక్టర్ కాగితం దగ్గర చాలామంది పొరపాటు పడతారు. వికలాంగుల సర్టిఫికెట్‌లో ఉండే శాతం వేరు, సంపాదించే శక్తి ఎంత పోయింది అనే శాతం వేరు. మొదటిది బస్ పాస్‌కీ పింఛనుకీ ఉపయోగపడుతుంది. కేసుకి కావాల్సింది రెండోది. డాక్టర్‌కి తమ్ముడి పని ఏమిటో వివరంగా చెప్పండి, ఎంత బరువు మోస్తాడు, ఎన్ని గంటలు నిలబడతాడు, నిచ్చెన ఎక్కుతాడా అని. చెప్పకపోతే వాళ్లు కాలు ఒక్కటే చూసి రాస్తారు.

ఇంకో విషయం, కేసు హడావిడిలో కాలు సంగతి మర్చిపోకండి. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటారు. అలా రోజుల తరబడి వంచి ఉంచితే మోకాలు బిగుసుకుపోతుంది, తర్వాత కృత్రిమ కాలు సరిగా పట్టదు. కాలు చివర మొదటి ఏడాది సన్నబడుతూ ఉంటుంది కాబట్టి సాకెట్ (కృత్రిమ కాలులో కాలు చివర దూరే భాగం) ఒకటి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. లేని పాదం మంటగా ఉందని, వేళ్లు మెలిపెడుతున్నట్టుందని అంటున్నాడా?

తమ్ముడికోసం
అంటున్నాడక్కా. రాత్రుళ్లు లేచి లేని పాదాన్ని రుద్దబోతాడు. మేం భ్రమ అనుకుని "ఊరుకోరా" అనేవాళ్లం.

ఫిజియో_అక్క
భ్రమ కాదమ్మా. నరాలు, మెదడు కలిసి పుట్టించే నిజమైన నొప్పి. మందులున్నాయి, అద్దం పెట్టి రెండో కాలు చూస్తూ కదిలించే వ్యాయామం కూడా కొందరికి పనిచేస్తుంది. డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఫైల్లో రాయించండి. "ఊరుకో" అని మాత్రం అనకండి, ఒంటరివాడైపోతాడు.

వలసపక్షి
నేను అమెరికాలో గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. ఇక్కడ పనిలో అవయవం తెగినా, హాస్పిటల్లో చేర్చినా 24 గంటల్లో, చనిపోతే 8 గంటల్లో ప్రభుత్వ భద్రతా శాఖకి యజమాని చెప్పాలి. పదిమంది ఉన్న చిన్న కంపెనీకి కూడా ఇదే రూలు. అయినా దాచేవాళ్లు ఇక్కడా ఉన్నారు.

మాకు ట్రైనింగ్‌లో మొదట నేర్పింది, బండి పక్కకి ఒరిగితే దూకొద్దు అని. దూకినవాళ్లు పైకప్పు కింద పడి నలిగిపోతారు. బెల్ట్ పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, పడే వైపుకి వ్యతిరేకంగా ఒరగాలి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదివితే గుర్తుపెట్టుకోండి.

సేఫ్టీలో_ఉన్నా
మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు. తెగిపోయిన వేలు, చెయ్యి ఐసులో నేరుగా వేయకండి, కణజాలం పాడవుతుంది. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసు నీళ్లలో పెట్టండి. బరువు కింద కాలో తొడో గంటల తరబడి నలిగిన మనిషిని బయటికి తీశాక బాగానే మాట్లాడుతున్నాడని ఇంటికి పంపొద్దు. నలిగిన కండరం నుంచి పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె ఆగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది పెద్ద ప్రమాద సూచన.

నట్టూబోల్టూ
మంచి మాటలు, వీటికి వేరే చర్చ పెడితే అందరికీ దొరుకుతాయి. ఇక్కడ తమ్ముడి కేసు దగ్గరికి వద్దాం. పనిచేశాడని రుజువు ఎలా? స్లిప్ లేదు, మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు కూడా ఉండి ఉండదు.

ఎడమచెయ్యి
ఫోన్ పోయేలోపు అందులో ఉన్నవన్నీ బయటికి తియ్యండి. మేస్త్రీ పంపిన డబ్బుకి బ్యాంక్ స్టేట్‌మెంట్, "రేపు ఆరింటికి రా" అన్న మెసేజ్‌లు, సైట్‌లో దిగిన ఫోటోలు, గేట్ పాస్. తోటి పనివాళ్లలో ఇద్దరైనా సాక్ష్యం చెబుతారా అడగండి. వాళ్లూ భయపడతారు, బలవంతం చేయొద్దు.

లేబర్‌కేసులు_పదేళ్లు
అన్నిటికంటే ముందు హాస్పిటల్ ఫైల్. కేస్ షీట్ మొత్తం, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, గాయం ఎలా అయిందో డాక్టర్ రాసే రికార్డు) కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చేర్పించింది మేస్త్రీ మనిషి అయితే "బైక్ మీంచి పడ్డాడు" అని చెప్పి రాయించే అలవాటుంది. ఆ ఒక్క వాక్యం మీద ఓడిపోయిన కేసులు చూశాను.

ఇంకోటి, మేస్త్రీ ఒక్కడి మీదే వెయ్యకండి. రేపు ఆయన ఫోన్ ఎత్తకపోతే? సెక్షన్ 12 ప్రకారం పని ఇప్పించుకున్న ప్రధాన యజమాని కూడా కాంట్రాక్టర్ మనుషులకి బాధ్యుడే, తర్వాత ఆయన మేస్త్రీ దగ్గర వసూలు చేసుకుంటాడు. బిల్డర్, మేస్త్రీ, బండి ఓనర్, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీ, అందరికీ నోటీసు రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపండి.

చదువరి
బండికి నంబర్ ప్లేటు ఉందా? ఉంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దారి కూడా ఉండొచ్చు. అక్కడ 15 వేల పరిమితి లేదు.

లేబర్‌కేసులు_పదేళ్లు
ఆలోచించాల్సిందే, కానీ తొందరపడొద్దు. చైన్ బండి అయితే అది మోటారు వాహనమా కాదా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. అక్కడ నిర్లక్ష్యం కూడా రుజువు చేయాలి. పైగా ఒకటి ఎంచుకుంటే రెండోది మూసుకుపోతుంది. లాయర్‌కి కాగితాలు చూపించాకే తేల్చుకోండి.

తమ్ముడికోసం
చైన్ బండే. సైట్ మా ఇంటికి 300 కిలోమీటర్లు. ప్రతి వాయిదాకి వాణ్ణి అంత దూరం ఎలా తీసుకెళ్లాలో తెలియట్లేదు. లాయర్ ఫీజు కూడా...

లేబర్‌కేసులు_పదేళ్లు
అక్కడికి వెళ్లక్కర్లేదు. బాధితుడు మామూలుగా నివసించే ప్రాంతపు కమిషనర్ దగ్గర కూడా వేయొచ్చు, చట్టమే ఆ వీలిచ్చింది. ఫీజు గురించి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, వికలాంగులకి ఉచిత లాయర్ హక్కు ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. గెలిచాక వాళ్లు అప్పీలుకి వెళ్తారని భయపడకండి. తీర్పిచ్చిన మొత్తం కమిషనర్ దగ్గర జమ చేస్తేనే యజమాని అప్పీలు తీసుకుంటారు.

కోపంగా_ఉన్నా
ఈ ఒక్క రూలు మాకు అప్పుడే తెలిసుంటే, బావ పోయినప్పుడు మా అక్క అంత తక్కువకి ఒప్పుకునేది కాదు.

తమ్ముడికోసం
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. కేస్ షీట్ తీసుకున్నాం. లేబర్‌కేసులు గారు భయపడినట్టే మొదటి పేజీలో "మెట్ల మీంచి జారిపడ్డాడు" అని ఉంది. కానీ ఎంఎల్‌సీ కాపీలో డ్యూటీ డాక్టర్ తమ్ముణ్ణే అడిగి "పని స్థలంలో యంత్రానికీ గోడకీ మధ్య నలిగి" అని రాశారు. ఆవిడెవరో మాకు తెలియదు, కానీ మా ఇంట్లో అందరం ఆవిడకి దండం పెట్టుకున్నాం.

నోటీసులు నలుగురికీ వెళ్లాయి. మేస్త్రీ నిన్న ఫోన్ చేసి ఇంకో మూడు లక్షలిస్తా, నోటీసు వెనక్కి తీసుకోండి అన్నాడు. ఈసారి తమ్ముడే మాట్లాడాడు. "ఎంతైనా సరే, కమిషనర్ గారి ముందు ఇవ్వండి" అని పెట్టేశాడు. ప్రమాదం తర్వాత వాడు ఇంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదటిసారి.

ప్రొక్లెయిన్_ఆపరేటర్
భేష్. తోక తిరిగే మేర ఎంత, బారికేడ్ ఎక్కడ ఉండాలి అన్నది సాక్ష్యంగా చెప్పేవాళ్లు కావాలంటే నన్ను పిలవండి. సెలవు పెట్టుకుని వస్తాను.

లేబర్‌కేసులు_పదేళ్లు
ఆ ఫోన్ కాల్ రికార్డ్ అయి ఉంటే చెరిపేయకండి. ఎంఎల్‌సీ కాపీ మీద హాస్పిటల్ ముద్ర ఉందో లేదో ఇప్పుడే చూడండి, లేకపోతే రేపే వెళ్లి వేయించుకోండి.

తమ్ముడికోసం
ముద్ర లేదు. పొద్దున్న మొదటి బస్సుకే వెళ్తున్నాను.